అల్లుడూ, ఆ కాగితం ఇటు ఇయ్యి

మా అక్క కొడుక్కి ఖతార్ నుంచి ఆఫర్ లెటర్ వచ్చింది. పైప్ ఫిట్టర్ పని. ఆదివారం సాయంత్రం కంచిలి నుంచి బండి మీద వచ్చి, ఫోన్‌లో ఆ లెటర్ చూపించి, "1,800 రియాళ్ళు మావయ్యా, బాగుంది కదా" అన్నాడు. ఆ అంకె తప్ప లెటర్‌లో ఇంకేటుందో వాడు చూడలేదు. 2006లో నేనూ అంతే, అసలు ఏమీ చూడలేదు. వాడికి చెప్పాల్సినవి ఇలా రాసి పెడుతున్నాను. మన శ్రీకాకుళం ఉద్దానంలో వీధికొక అల్లుడు ఇలాంటివాడే ఉంటాడు గనక ఎవరింట్లో వాళ్ళు చదివి వినిపించుకోండి.

ముందు నా సంగతి. కవిటి దగ్గర మా ఊరి నుంచి నేను మొదట వెళ్ళింది సౌదీలో జుబైల్‌కి. ఊళ్ళో తిరిగే ఏజెంటు ఒకాయన "ఫిట్టర్ పని, 1,100 రియాళ్ళు, ఓటీ వేరే" అన్నాడు. ఓటీ అంటే ఓవర్‌టైమ్ డబ్బు. అరబ్బీ, ఇంగ్లీషు ఉన్న కాగితం మీద నేను సంతకం గీసేశాను. అక్కడ దిగాక క్యాంపులో ఆ కాగితం చూసి నా చేతికి పార ఇచ్చారు. అందులో హెల్పర్ అని ఉందట, 600 రియాళ్ళట. ఏజెంటుకి ఫోన్ చేస్తే "రెండు నెలలు ఓపిక పట్టు, మారుస్తారు" అన్నాడు. రెండేళ్ళు పట్టాను. వెళ్ళేటప్పుడు 80,000 అప్పు, నూటికి మూడు రూపాయల వడ్డీ. అంటే నెలకి 2,400. అప్పట్లో రియాల్ పన్నెండు రూపాయలు, నా 600 రియాళ్ళు ఇక్కడి 7,200. మూడో వంతు వడ్డీకే పోయేది. ఏజెంటు నోటితో అన్న 1,100 ఏ కాగితంలోనూ లేదు కాబట్టి నేను ఎవరినీ అడగలేకపోయాను.

అందుకని మొదటి పని: నీకు కబురు తెచ్చినవాడి పేరు కాదు, వాడి వెనక ఉన్న ఆఫీసు పేరు అడుగు. ఊళ్ళో చాయ్ హోటల్ దగ్గర కూర్చుని పాస్‌పోర్టులు పోగేసేవాడు సబ్ ఏజెంటు. వాడికి లైసెన్స్ ఉండదు. లైసెన్స్ విదేశాంగ శాఖ ఇస్తుంది. ఇ-మైగ్రేట్ అనే ప్రభుత్వ వెబ్‌సైట్‌లో లైసెన్స్ ఉన్న ఏజెంట్ల జాబితా ఉంది. ఆఫీసు పేరు కొట్టి చూడు, నంబర్ వస్తుంది. నంబర్ ఉంటే చాలదు, అది ఇప్పుడు చెల్లుతోందా, గడువు తీరిందా, రద్దయిందా అన్నది కూడా పక్కనే కనిపిస్తుంది. సగంమంది నంబర్ కనబడగానే ఫోన్ మూసేస్తారు.

డబ్బు సంగతి కూడా అక్కడే తేలాలి. లైసెన్స్ ఉన్న ఏజెంటు నీ దగ్గర సర్వీస్ చార్జీగా తీసుకోగలిగింది గరిష్ఠంగా 30,000 రూపాయలు, దానిమీద జీఎస్టీ. రసీదు ఇవ్వాలి. మనవాళ్ళు లక్షా ఇరవై, లక్షన్నర ఇచ్చి వెళ్తున్నారంటే మిగతాదంతా రసీదు లేని డబ్బు. "అలాగైతే వేరేవాణ్ణి పంపుతాం" అని బెదిరిస్తారు. పంపనీ. లక్షన్నరకి మూడు రూపాయల వడ్డీ అంటే నెలకి 4,500, ఏడాదికి 54,000. వీసా స్టాంపింగ్ కాకుండా మాత్రం ఒక్క రూపాయి అప్పు తేకు. ఆలు లేదు చూలు లేదు, వడ్డీ మాత్రం నడుస్తుంది.

ఇక నీ పాస్‌పోర్టు. నువ్వు టెన్త్ పాసయ్యావు కాబట్టి ఇబ్బంది లేదు. టెన్త్ లేనివాళ్ళ పాస్‌పోర్టులో ఈసీఆర్ అని ఉంటుంది, అంటే ఎమిగ్రేషన్ చెక్ కావాలని. గల్ఫ్ దేశాలు ఆరూ, మలేషియా, ఇంకా కొన్ని కలిపి 18 దేశాలకి వాళ్ళు పనికి వెళ్ళాలంటే ముందు ఎమిగ్రేషన్ క్లియరెన్స్ తీసుకోవాలి. ఇది తప్పించుకోడానికే ఏజెంట్లు విజిట్ వీసా మీద పంపిస్తామంటారు. విజిట్ వీసా మీద పని చేస్తే ఆ దేశంలో నువ్వు దొంగవే. జీతం ఇవ్వకపోతే ఏ ఆఫీసు మెట్లూ ఎక్కలేవు. అలాంటివాళ్ళని అక్కడ ఖల్లివల్లి అంటారు. వాళ్ళ బతుకు నేను చూశాను, చెప్పను. 2024లో కంబోడియాలో డేటా ఎంట్రీ పని అని నమ్మి వెళ్ళి, సైబర్ మోసాలు చేయించే ముఠాల చేతిలో ఇరుక్కున్న మన ఉత్తరాంధ్ర కుర్రాళ్ళ గురించి నువ్వూ పేపర్లో చదివే ఉంటావు.

టెన్త్ పాసైనా ఒకటి మాత్రం చేయించుకో: ప్రవాసీ భారతీయ బీమా యోజన. రెండేళ్ళకి 275 రూపాయలు, మూడేళ్ళకి 375. ప్రమాదంలో పోయినా, శాశ్వతంగా అవిటితనం వచ్చినా పది లక్షలు వస్తుంది. ఈసీఆర్ వాళ్ళకి తప్పనిసరి, నీకు కాదు. అయినా చేయించు. పాలసీ కాగితం మీ అమ్మ దగ్గర ఉండాలి, నీ సూట్‌కేస్‌లో కాదు.

ఇప్పుడు నీ లెటర్. 1,800 అన్నావు కదా. దాన్ని విప్పి చూశాను. బేసిక్ 1,000, తిండికి 300, "ఇతర అలవెన్స్" 500. ఖతార్‌లో 2021 నుంచి కనీస జీతమే 1,000 రియాళ్ళు. అంటే ఫిట్టర్ అని పిలిచి, చట్టం ఒప్పుకునే ఆఖరి మెట్టు మీద నిన్ను నిలబెట్టారు. మొత్తం ఎంతైనా ఓటీ లెక్క వేసేది బేసిక్ మీద. బేసిక్ రేటుకి కనీసం నాలుగో వంతు కలిపి ఇవ్వాలి. వచ్చేటప్పుడు ఇచ్చే గ్రాట్యుటీ కూడా బేసిక్ మీదే, ఏడాదికి కనీసం మూడు వారాల బేసిక్. కాబట్టి వాళ్ళతో మాట్లాడేటప్పుడు మొత్తం పెంచమనకు, బేసిక్ పెంచమని అడుగు. 1,400 బేసిక్, 400 అలవెన్స్ అన్నా వాళ్ళకి మొత్తం అంతే, నీకు మాత్రం రెండేళ్ళ ఓటీలో తేడా తెలుస్తుంది. అడగందే అమ్మైనా పెట్టదంటారు, వీళ్ళు నీకేమవుతారు?

పని పేరు కూడా చూడు. నీ లెటర్‌లో పైప్ ఫిట్టర్ అనే ఉంది, వీసాలోనూ అదే ఉండాలి. రోజుకి ఎన్ని గంటలు, గది కంపెనీదేనా, రానూపోనూ టికెట్ ఎవరిది, సెలవు ఎన్ని నెలలకి: ఈ నాలుగూ కాగితంలో లేకపోతే లేనట్టే లెక్క.

ఖతార్‌కి ఒక వెసులుబాటు ఉంది, సౌదీకి నేను వెళ్ళినప్పుడు అలాంటిది లేదు. హైదరాబాద్‌లో ఖతార్ వీసా సెంటర్ ఉంది. మెడికల్, వేలిముద్రలు, కాంట్రాక్టు సంతకం అన్నీ అక్కడే అయిపోతాయి. ఆ కాంట్రాక్టు అక్కడే నీకు చూపిస్తారు. వెనక క్యూ ఉంటుంది, తోటివాళ్ళు టకటకా నొక్కేసి వెళ్ళిపోతుంటారు. నువ్వు ఆగు. లెటర్‌లో అంకె, తెర మీద అంకె ఒకటేనా చూడు. వేరైతే సంతకం పెట్టకుండా బయటికి వచ్చెయ్. రైలు చార్జీ పోతుంది, పోనీ. పలాసలో ఫలక్‌నుమా ఎక్కి వెళ్ళి, ఊరికే తిరిగి రావడం అవమానం కాదు.

మెడికల్‌కి ముందు ఇక్కడే సోంపేటలోనో పలాసలోనో క్రియాటినిన్ చూపించుకో, కిడ్నీలు ఎలా ఉన్నాయో చెప్పే రక్తపరీక్ష. మనూళ్ళో చిన్నపిల్లాడికి కూడా తెలిసిన మాటే ఇది. మన నీళ్ళో, మన ఎండో, ఇంకేటో, ఉద్దానం కిడ్నీ జబ్బుకి కారణం ఇదీ అని ఇప్పటికీ తేలలేదు. కానీ గల్ఫ్ ఎండలో నీళ్ళు తాగకపోవడం, ఒళ్ళు నొప్పులకి రోజూ డైక్లోఫినాక్ మింగడం ఎవరి కిడ్నీలకైనా చెరుపే, మనకి మరీను. తర్వాత ఖతార్‌లోని రస్ లఫాన్‌లో నాతో పనిచేసిన మనవాడొకడు షిఫ్టుకి ముందు ఒకటి, షిఫ్టయ్యాక ఒకటి వేసుకునేవాడు, చాక్లెట్ తిన్నట్టు. మూడేళ్ళకి వెనక్కి వచ్చేశాడు. ఇప్పుడు వారానికి రెండుసార్లు డయాలసిస్. నువ్వు దాహం వేసేదాకా ఆగకు. మూత్రం పచ్చగా, చిక్కగా వస్తుంటే నీళ్ళు చాలట్లేదని గుర్తు. ఖతార్‌లో జూన్ 1 నుంచి సెప్టెంబరు 15 దాకా పొద్దున్న పది నుంచి మధ్యాహ్నం మూడున్నర వరకు ఎండలో పని చేయించకూడదు. ఫోర్‌మన్ "పది నిమిషాల పనే" అంటాడు. చట్టం ఉందని నీకు తెలుసని వాడికి తెలిస్తే చాలు, ఎక్కువసార్లు అనడు.

సామాను సర్దడం అందరికీ తెలుసనుకుంటారు. ఈ మూడు చూడు. ఒకటి, కురిడీ కొబ్బరి. మన తోటలో కాయే కదా అని అక్క నాలుగు పెట్టేస్తుంది. అందులో నూనె ఎక్కువ, మంట అంటుకునే సరుకు కింద లెక్క, ఎయిర్‌పోర్టులో పెట్టె విప్పించి మరీ తీసేస్తారు. దాని బదులు పలాస జీడిపప్పు పట్టుకెళ్ళు. రెండు, గసగసాలు. దుబాయ్‌లో అవి మత్తుమందు లెక్క. నీ విమానం దుబాయ్‌లో మారేదైతే మసాలా పొట్లం కూడా విప్పి చూసుకో. మాత్రలైతే డాక్టర్ చీటీ ఉన్నవే, పేరు ఉన్న అట్టతో సహా. మూడు, ఇది ముఖ్యం: ఆఖరి రోజు ఎవరో ఒకరు "మా తమ్ముడు అక్కడే ఉన్నాడు, ఈ ఆవకాయ డబ్బా ఇచ్చెయ్" అంటూ వస్తారు. తీసుకోకు. చుట్టమైనా తీసుకోకు. తప్పదంటే ఆ డబ్బా మీ అమ్మ ముందు ఇంకో గిన్నెలో వంపి, గరిటెతో కలిపి చూసి, నీ డబ్బాలో పెట్టుకో. నేను అలా చేస్తే మా పెదనాన్న కొడుకు రెండేళ్ళు మాట్లాడలేదు. ఏటౌద్ది, మూడో ఏడు మాట్లాడాడు.

చోడిపిండి, అదే రాగిపిండి, రెండు కేజీలు పెట్టుకో. పొద్దున్నే నాలుగింటికి బస్సెక్కాలి, అంబలి కాచుకుని సీసాలో పోసుకుంటే పదింటి దాకా ఆకలి ఉండదు. ఎండు నెత్తళ్ళ చేపలు వద్దు. అవి వేయించిన రోజు గదిలో మిగతా ఏడుగురూ కలిసి నీ మీదికి వస్తారు.

దిగాక మొదటి నెల పనికంటే భాషే ఎక్కువ పరుగెత్తిస్తుంది. క్యాంపులో నడిచేది హిందీ, అదీ బెంగాలీ, నేపాలీ, మలయాళం కలిసిన హిందీ. అరబ్బీలో ఓ పది మాటలు చాలు. యల్లా అంటే పద. ఖలాస్ అంటే అయిపోయింది. శ్వయ్య అంటే కొంచెం. మాఫీ అంటే లేదు. మాఫీ ముష్కిల్ అంటే ఫర్వాలేదు, కానీ జీతం ఆలస్యమైనప్పుడు ఆ మాట వింటే ఫర్వా ఉందనే అర్థం. ఐడీ కార్డుని పతాకా అంటారు. అది ఒంటి మీద లేకుండా బయటికి వెళ్ళకు. పాస్‌పోర్టు మాత్రం కంపెనీ దగ్గర ఉంచుకోకూడదని చట్టం. దాచిపెడతామంటే "నా దగ్గరే ఉంటుంది సార్" అను, నవ్వుతూనే అను.

పనిలో ఒక్క మాట. ఐసో డ్రాయింగ్ చదవడం నేర్చుకో, పైపు ఎటు వెళ్ళి ఎక్కడ తిరుగుతుందో చూపే బొమ్మ అది. ఆ గీతల్లో పైపు మలిపే ఎల్బో ఎక్కడో, పైపుల్ని బోల్టులతో కలిపే ఫ్లాంజ్ ఎక్కడో చెప్పగలిగినవాడే ఫిట్టర్. మిగతావాళ్ళు పేరుకి ఫిట్టర్లు, పైపు మోసేవాళ్ళు. నేను జుబైల్‌లో రాత్రిపూట ఒక కేరళ ఆయన దగ్గర కూర్చుని నేర్చుకున్నాను. ఫీజు ఏటంటే ఆయనకి వారానికి రెండుసార్లు కోడికూర వండి పెట్టడం.

డబ్బు పంపేది బ్యాంకులోనో, ఎక్స్‌ఛేంజ్‌లోనో. హుండీవాడు, అంటే బ్యాంకుతో పని లేకుండా దొంగచాటుగా డబ్బు దాటించేవాడు, రూపాయి ఎక్కువిస్తాడు గానీ వాడిచ్చిన డబ్బుకి లెక్క చూపలేవు, రేపు ఇల్లు కట్టడానికి లోన్ అడిగితే నీకు ఆదాయమే లేనట్టు. వెళ్ళిన వెంటనే ఎన్‌ఆర్‌ఈ ఖాతా తెరువు, బయటి దేశంలో ఉండే మనవాళ్ళకి ఇక్కడి బ్యాంకులు ఇచ్చే ఖాతా అది. దాని వడ్డీకి ఇక్కడ పన్ను లేదు. జీతం కూడా బ్యాంకులోనే పడాలి, చేతికి ఇస్తామంటే తీసుకోకు. బ్యాంకులో పడితేనే పడని నెల కూడా కనిపిస్తుంది. ఏదైనా తేడా వస్తే ఇండియన్ ఎంబసీకి వెళ్ళు. మీ అమ్మ ఇక్కడి నుంచే మదద్ అనే ప్రభుత్వ పోర్టల్‌లో ఫిర్యాదు పెట్టొచ్చు. అందుకే నీ కాగితాలన్నిటికీ ఒక సెట్ ఇంట్లో ఉండాలన్నది.

ఖతార్ మనకంటే రెండున్నర గంటలు వెనక. నువ్వు పని దిగి స్నానం చేసి ఏడింటికి ఫోన్ తీసేసరికి ఇక్కడ తొమ్మిదిన్నర, మీ అమ్మ నిద్రలోకి జారుకుంటూ ఉంటుంది. శుక్రవారం పొద్దున్న చెయ్యి. ఆ రోజు నీకు సెలవు.

సోమవారం లోపల అడ్వాన్స్ కట్టాలని ఏజెంటు అన్నాడన్నావు. కట్టకు. రేపు పదింటికి సోంపేట జిరాక్స్ షాపు దగ్గరికి రా. పాస్‌పోర్టు, టెన్త్ మార్కుల లిస్టు, ఆ ఆఫర్ లెటర్ ప్రింట్ తెచ్చుకో. కలర్‌లో నాలుగేసి కాపీలు తీద్దాం. తర్వాత అక్కడే కూర్చుని ఆ ఆఫీసు లైసెన్స్ నంబర్ ఇ-మైగ్రేట్‌లో కొట్టి చూద్దాం. నా కళ్ళద్దాలు ఇంట్లో మర్చిపోతే గుర్తు చెయ్యి.