ఒంటిచేత్తో తెరిచే శాంపిల్ డబ్బా ఎలా డిజైన్ చేయాలి

యూరిన్ కప్పుకి మామూలుగా తిప్పే మూత ఉంటుంది, అంటే కప్పు పట్టుకోడానికి ఒక చెయ్యి, మూతకి ఇంకో చెయ్యి. పక్షవాతం వచ్చినవాళ్లకి, చేతికి కట్టు ఉన్నవాళ్లకి అది కుదరదు. మరలు వదిలేయండి. వెనక మడత ఉన్న మూత పెట్టండి, పాలీప్రొపిలీన్ అనే ప్లాస్టిక్ అయితే కప్పూ మూతా ఒకే ముక్కగా అచ్చు పోయొచ్చు, పల్చటి మడత దగ్గర పదేపదే వంచినా తొందరగా విరగదు.

అసలు తలనొప్పి బొటనవేలితో ఎత్తే పట్టు దగ్గరే. బయటికి పొడుచుకొస్తే సంచిలో దేనికో తగిలి తెరుచుకుంటుంది, మరీ చిన్నదైతే వేలికి అందదు. అందుకే దాని చుట్టూ చిన్న గట్టు ఇవ్వండి. తెరిచిన మూత వెనక్కి పడి అక్కడే ఆగాలి.

రంగునీళ్లు పోసి టిష్యూ మీద బోర్లించి, కారుతుందేమో చూడండి. తడి గ్లవ్స్‌తో, ఎడమ చేత్తో కూడా తెరిచి చూడండి.