సాకెట్ మార్చారు సరే, వైరు చూశారా?

మా అమ్మవాళ్లింట్లో గీజర్ ప్లగ్ పాయింట్ రెండేళ్లలో మూడుసార్లు మాడింది. మూడుసార్లూ ఎలక్ట్రీషియన్ వచ్చి కొత్త సాకెట్ బిగించి డబ్బులు తీసుకుని వెళ్లాడు. నాలుగోసారి వేరే ఆయన్ని పిలిచాం, పెద్దవయసు మనిషి. మెయిన్ ఆపి, ప్లేటు విప్పి, వెనకున్న వైరును వేళ్లతో కాస్త వంచాడు. ఎర్ర తొడుగు ఎండిన అప్పడంలా పెళపెళ విరిగి నేల మీద రాలింది. లోపలి రాగి నల్లబడిపోయింది. "సాకెట్ ఏం పాపం చేసిందమ్మా, వైరు చూడాలి గానీ" అన్నాడు. లైట్లకు వేసే 1.5 స్క్వేర్ ఎంఎం వైరు మీద ఇన్నాళ్లూ గీజర్ నడిచింది!

కింద రాసినవి మీరు చూసి గుర్తుపట్టడానికి, ఎలక్ట్రీషియన్‌కి సరిగ్గా చెప్పడానికి. ప్లేటు మాత్రం మీరు విప్పకండి.

సాకెట్ వేడెక్కుతోంది, మాడు వాసన వస్తోంది

ముందు ఆ లైను ఎంసీబీ (లోడు ఎక్కువైనా, షార్ట్ అయినా తనంతట తానే పడిపోయే స్విచ్) ఆపేయండి. ఏ ఎంసీబీయో తెలియకపోతే మెయినే ఆపేయండి. వేడిగా ఉన్న ప్లగ్గును పట్టి లాగొద్దు.

కారణాలు సాధారణంగా మూడు. మొదటిది, చిన్న సాకెట్ మీద పెద్ద లోడు. మన ఇళ్లలో చిన్న పాయింట్ 6 ఆంప్స్, పవర్ ప్లగ్ 16 ఆంప్స్. 2000 వాట్ల గీజర్ 230 వోల్టుల దగ్గర దాదాపు 8.7 ఆంప్స్ లాగుతుంది. ఇండక్షన్ పొయ్యి కూడా ఫుల్లు మీద పెడితే ఇంచుమించు అంతే. కన్వర్టర్ ప్లగ్ పెట్టి వీటిని 6 ఆంప్స్ పాయింట్‌కి తగిలిస్తే సాకెట్ మాడడం ఖాయం.

రెండోది లూజ్ కనెక్షన్. స్క్రూ కింద వైరు గట్టిగా పట్టకపోతే అక్కడ రెసిస్టెన్స్ పెరుగుతుంది. అది 0.2 ఓమ్ ఉన్నా చాలు, 8.7 ఆంప్స్ పారితే ఆ ఒక్క స్క్రూ దగ్గరే 15 వాట్ల వేడి పుడుతుంది. అంటే సాకెట్ లోపల ఒక చిన్న సోల్డరింగ్ ఐరన్ ఆన్ చేసి వదిలేసినట్టే. స్నానాలయ్యేదాకా రోజూ అరగంట అలా కాలితే ప్లాస్టిక్ ఎన్నాళ్లు ఆగుతుంది?

మూడోది మా ఇంటి సంగతే, సన్న వైరు. దీనికి డీబీ (ఎంసీబీలన్నీ ఉండే పెట్టె) నుంచి నేరుగా విడి లైను లాగించాలి. గీజర్, మైక్రోవేవ్ లాంటి పవర్ పాయింట్లకు 2.5 స్క్వేర్ ఎంఎం రాగి వైరు, 16 ఆంప్స్ ఎంసీబీ. ఏసీకైతే 4 స్క్వేర్ ఎంఎం వైరు వేయిస్తేనే నిశ్చింత. పాత వైరు చివర మాడిన ముక్క కత్తిరించి, మధ్యలో జాయింట్ కొట్టి టేపు చుడతానంటే ఒప్పుకోవద్దు. గోడలో దాగిన జాయింట్ మళ్లీ అదే కథ మొదలుపెడుతుంది.

ఎంసీబీ పదేపదే పడిపోతోంది

గీజర్, ఇస్త్రీ పెట్టె కలిపి వేసినప్పుడే పడుతుంటే ఓవర్‌లోడ్. పైకెత్తగానే టక్కున పడితే ఎక్కడో షార్ట్. ఏదో ఒక్క వస్తువు పెట్టినప్పుడే పడితే తప్పు ఆ వస్తువుదే కావచ్చు, దాన్ని వేరే లైనులో ఉన్న అలాంటి పాయింట్‌లో పెట్టి చూడండి.

ఇక్కడ చాలామంది చేసే పని తలచుకుంటేనే భయమేస్తుంది. 10 ఆంప్స్ ఎంసీబీ పడిపోతోందని తీసేసి 32 ఆంప్స్ పెడతారు. ఇక అది పడదు, గోడలో వైరు కాలుతుంది. ఎంసీబీ ఉన్నది వైరును కాపాడటానికి. 1.5 వైరుకు 10 ఆంప్స్ దాటనివ్వొద్దు. పెద్దది కావాలంటే ముందు వైరు మారాలి, తర్వాతే ఎంసీబీ.

ఫ్రిజ్, వాషింగ్ మెషిన్ ముట్టుకుంటే జివ్వుమంటోంది

ఎర్త్ అందట్లేదు. సాకెట్‌లో మూడో రంధ్రం ఉన్నంత మాత్రాన దాని వెనక ఎర్త్ వైరు ఉందని కాదు. పాత ఇళ్లలో రెండు వైర్లే లాగి మూడో రంధ్రాన్ని ఖాళీగా వదిలేసేవారు. కొందరైతే సాకెట్ వెనకే న్యూట్రల్‌ని (కరెంటు తిరిగి వెళ్లే వైరును) ఎర్త్ పిన్నుకి లూప్ చేసేస్తారు. చూడటానికి అంతా బాగానే పనిచేస్తుంది. కానీ న్యూట్రల్ ఎక్కడైనా తెగిన రోజున ఫ్రిజ్ తలుపుకే కరెంటు వస్తుంది. తడి చేత్తో దాన్ని తెరిచేది ఇంట్లో ఎవరో ఒక్కసారి ఆలోచించండి.

ఎలక్ట్రీషియన్‌ని మల్టీమీటరుతో చూడమనండి. ఫేజుకీ (కరెంటు వచ్చే వైరు) న్యూట్రల్‌కీ మధ్య ఎన్ని వోల్టులు వస్తాయో, ఫేజుకీ ఎర్త్‌కీ మధ్య ఇంచుమించు అన్నే రావాలి. న్యూట్రల్‌కీ ఎర్త్‌కీ మధ్య రెండు మూడు వోల్టులకు మించకూడదు. అయితే ఎర్త్ లోడు మోస్తుందా లేదా అన్నది మీటరు ఒక్కటే తేల్చలేదు. ఫేజుకీ ఎర్త్‌కీ మధ్య 100 వాట్ల పాత గుండు బల్బు పెట్టి చూస్తారు, నిండుగా వెలగాలి. ఇంట్లో ఆర్‌సీసీబీ (కరెంటు ఎర్త్‌లోకి లీకైతే లైను ఆపేసే స్విచ్) ఉంటే ఈ పరీక్షకు అది పడిపోతుంది. అది పడిపోవడమే మంచిది.

సొంత ఇల్లయితే ఎర్త్ గుంత ఎండిపోయిందేమో చూడండి. వేసవిలో దానికి నీళ్లు పోయడం మన పెద్దలు మానేవారు కాదు. ఎర్త్ వైరే లేకపోతే పచ్చ వైరు కొత్తగా లాగించాల్సిందే, దగ్గర దారి లేదు. దాంతోపాటు 30 మిల్లీఆంప్స్ ఆర్‌సీసీబీ పెట్టించండి. ఎంసీబీ ఓవర్‌లోడునూ షార్టునూ చూస్తుంది, మనిషికి కొట్టే షాక్‌ని పట్టించుకోదు. ఆ పని ఆర్‌సీసీబీది.

ఆర్‌సీసీబీ పెట్టించాక నిలబడట్లేదు

అది పాడై ఉండటం అరుదు. ఎక్కడో న్యూట్రల్ ఎర్త్‌ని తాకుతోంది, లేదా రెండు లైన్ల న్యూట్రల్స్ కలిసిపోయాయి, లేదా గీజర్ ఎలిమెంట్ లీకవుతోంది. ప్లగ్గులన్నీ పీకి ఒక్కొక్కటే పెడుతూ వస్తే వస్తువు దొరుకుతుంది. దొరక్కపోతే తప్పు వైరింగ్‌లో ఉంది. "బైపాస్ చేసేస్తానండి, టెన్షన్ ఉండదు" అనే మనిషిని ఆ పూటకే పంపించేయండి.

టెస్టర్ రెండు రంధ్రాల్లోనూ వెలుగుతోంది

న్యూట్రల్ తెగింది. ఆన్‌లో ఉన్న ఏదో బల్బు గుండా ఫేజు అటువైపు కూడా వచ్చింది. ఒక గదిలోనే ఇలా ఉంటే బోర్డులో జాయింట్ వదులైంది. ఇల్లంతా లైట్లు కొన్ని మరీ ఎక్కువగా, కొన్ని గుడ్డిగా వెలుగుతుంటే మాత్రం మెయిన్ ఆపి 1912కి ఫోన్ చేయండి. తెగింది కరెంటు మీటరుకు అవతలి న్యూట్రల్ కావచ్చు, టీవీలు, ఫ్రిజ్‌లు కాలిపోయేది ఇలాంటప్పుడే.

స్విచ్ ఆపినా టెస్టర్ వెలుగుతుంటే స్విచ్‌ని న్యూట్రల్‌లో వేశారన్నమాట. ఫేజులోకి మార్పించాలి, పది నిమిషాల పని.

ప్లగ్ నిలవట్లేదు, చిటపట శబ్దం

లోపలి పట్టీలు సాగిపోయాయి. దీనికి మాత్రం సాకెట్ మారిస్తే చాలు. ఐఎస్ఐ గుర్తున్నది, పిల్లలున్న ఇంట్లో షటర్ (రంధ్రాలకు లోపలి మూత) ఉన్నది తీసుకోండి.

పని ఒప్పుకునే ముందు

వైర్‌మన్ పర్మిట్ ఉందా అని మర్యాదగానే అడగండి, పని తెలిసినవాళ్లు నొచ్చుకోరు. మల్టీమీటరు లేకుండా ఉత్త టెస్టర్‌తో వచ్చినవారికి పాయింట్ల పని అప్పగించకండి. వైరు మీరే కొనండి, బిల్లులో స్క్వేర్ ఎంఎం రాయించండి. గోడ కొట్టాల్సి వస్తే గాడి పూడ్చేది ఎవరో ముందే మాట్లాడుకోండి, లేదంటే గోడ ఆర్నెల్లు అలాగే ఉంటుంది.

డబ్బులిచ్చే ముందు ఆర్‌సీసీబీ టెస్ట్ బటన్ నొక్కించండి. వేసిన ప్రతి పాయింట్ దగ్గర మూడు రీడింగులు తీయించి కాగితం మీద రాయించండి. మా పెద్దాయన రాసిచ్చిన కాగితం అమ్మవాళ్ల డీబీ తలుపు లోపల ఇంకా అంటించే ఉంది. గీజర్ పాయింట్: ఫేజు-న్యూట్రల్ 230, ఫేజు-ఎర్త్ 231, న్యూట్రల్-ఎర్త్ 1.