పాత డీజిల్ రైలు ఇంజన్‌కి అసలు రంగు – పాఠం 4: పాలిపోయిన ఎరుపు, పసుపెక్కిన క్రీమ్

పోయిన పాఠంలో ఇంజన్ ఒంటి మీద రూపాయి బిళ్లంత చోట ఉప్పుకాగితంతో రుద్ది, పొరలన్నీ బయటపెట్టి, అడుగున దొరికిన రంగు పక్కన షేడ్ కార్డు పెట్టి చూడమన్నాను. చేసినవాళ్లలో చాలామంది ఒకే మాట చెప్పారు: ఎరుపు రోజా రంగులోకి పోయింది, ముదురు నీలం బూడిద కలిపినట్టుంది. చిత్తూరు నుంచి ఒకాయన ఆ రోజా ఎరుపునే నమ్మి నాలుగు లీటర్లు కలిపించేశారు, తలుపు మీద ఒక కోటు వేసి ఆరాక చూసుకుని నాకు ఫోన్ చేశారు. తప్పు ఆయనది కాదు. నేను ఒక మెట్టు చెప్పకుండా దాటేశాను, అందుకే ఈ వారం అనుకున్న కొలతల పాఠం ఆపి దీన్నే చెబుతున్నాను.

ఉప్పుకాగితం రంగును చూపిస్తుంది, కానీ మెరుపును తీసేస్తుంది. రుద్దిన చోట కంటికి కనిపించని గీతలు వేలకొద్దీ పడతాయి, వెలుతురు వాటికి తగిలి అన్ని వైపులకీ చెదిరిపోతుంది, ఆ చెదిరిన తెల్లటి వెలుగు అసలు రంగుతో కలిసి మన కంటికి చేరుతుంది. పాలు కలిపినట్టు కనిపించేది అందుకే. వాన పడ్డ రోజు అలిపిరి మెట్లెక్కినవాళ్లకి ఇది తెలుసు. పొడిగా ఉన్నప్పుడు తెల్లబోయినట్టుండే రాయి తడవగానే నిండుగా, ముదురుగా మారుతుంది. రాయి మారలేదు, దాని గరుకులో నీళ్లు నిండి వెలుతురు చెదరడం తగ్గింది, అంతే.

ముదురు రంగుల్లోనే ఈ మోసం ఎక్కువ. నలుపు బూడిద రంగులా కనిపిస్తుంది (అడుగు ఫ్రేము బూడిద రంగే అని ఇద్దరు రాశారు, నల్లదై ఉండొచ్చు, మళ్లీ చూడండి). మెరూన్ ఇటుక రంగవుతుంది, ముదురు ఆకుపచ్చ పాచి రంగవుతుంది, ముదురు నీలం సంగతి పైన చెప్పాను. పసుపులో తేడా తక్కువ, తెలుపులో దాదాపు ఉండదు. కాబట్టి పసుపు గీత సరిపోయింది కదా, ఎరుపు కూడా సరిపోయినట్టే అనుకోకండి.

ఏం చేయాలంటే, 320 దగ్గర ఆపేయకుండా 600, 1000, 2000 నంబర్ వాటర్ పేపర్ల దాకా నీళ్లతో రుద్దండి. తుడిచి ఆరనిచ్చి, ఒక చుక్క కొబ్బరి నూనె వేసి, పైన చిన్న గాజు పలక ఆనించండి. అప్పుడు కనిపించేదే రంగు. నీళ్లు చాలవా అని అడుగుతారు. చాలవు, ఆరిపోతాయి, పైగా వెలుతురు వంగే తీరులో ఎండిన ఎనామెల్‌కి నూనె దగ్గర, నీళ్లు దూరం. నువ్వుల నూనె, అవిసె నూనె వద్దు, వాటి పసుపు మీ రంగులో కలుస్తుంది. కొబ్బరి నూనె నా అలవాటు, తిరుపతి ఎండకి గడ్డకట్టదు, రంగూ ఉండదు. పని అయ్యాక మాత్రం థిన్నర్‌తో రెండుసార్లు తుడవండి, నూనె మిగిలితే ఆ చోట కొత్త పెయింట్ పట్టదు.

రుద్దేది తడిగానే రుద్దాలి, మాస్కు పెట్టుకునే రుద్దాలి. పాత పసుపుల్లో లెడ్ క్రోమేట్, పాత ప్రైమర్లలో సీస సిందూరం ఉండొచ్చు. ఆ బురదను గుడ్డతో ఎత్తి కవర్లో కట్టేయండి, పిల్లలు తిరిగే వాకిట్లో కడగొద్దు.

ఇక క్రీమ్. ఎండ తగలని చోటు కాబట్టి నంబర్ ప్లేటు విప్పి దాని వెనక చూడమన్నాను. ఎరుపుకి, నీలానికి ఆ మాట సరైనదే. క్రీమ్‌కి, తెలుపుకి కాదు. నూనె ఆధారంగా చేసిన పాత ఎనామెల్ చీకట్లో ఉండిపోతే దానంతట అదే పసుపెక్కుతుంది, వెలుతురు తగిలితే ఆ పసుపు చాలావరకు విరుగుతుంది. ప్లేటు వెనక మీకు దొరికిన తోతాపురి గుజ్జు రంగు ఇంజన్ షెడ్డు నుంచి బయటికొచ్చిన నాటిది కాకపోవచ్చు. తొందరపడి కలిపించకండి, కింద అభ్యాసంలో దీనికే పని పెట్టాను.

ఏ పొర అసలుది అని చాలామంది అడిగారు. ముందు మీ ఇంజన్‌ని ఏ ఏటి రూపంలో నిలబెట్టాలో తేల్చుకోండి. మన రైల్వేలోని డబ్ల్యుడిఎం-2 రకం డీజిల్ ఇంజన్‌నే తీసుకుంటే 1962లో అమెరికా కంపెనీ ఆల్కో నుంచి వచ్చినవి ఉన్నాయి, 1964 నుంచి వారణాసిలో తయారైనవి ఉన్నాయి, తర్వాత షెడ్డు మారినప్పుడల్లా కొత్త షెడ్డు తన రంగులు వేసుకుంది. ఒకే ఒంటి మీద నాలుగైదు అసలు రంగులు ఉంటాయి. పై కోటుకీ, దాని అడుగున వేసే అండర్ కోటుకీ తేడా భూతద్దంలో తెలుస్తుంది: లైన్ మీద తిరిగిన పై కోటు మీద సన్నటి నల్ల మురికి గీత ఉంటుంది, అండర్ కోటుకీ దాని పై కోటుకీ మధ్య ఆ గీత ఉండదు. మురికి గీత కింద ఉన్న రంగునే పట్టుకోండి.

కొట్లో మాత్రం పేరు చెప్పి అడగకండి. "గోల్డెన్ ఎల్లో" అంటే ఒక్కో కంపెనీ ఒక్కోటి ఇస్తుంది. పెయింట్ రంగులకి నంబర్లిచ్చే భారతీయ ప్రమాణం ఐఎస్ 5 పట్టికలో గోల్డెన్ ఎల్లో 356, సిగ్నల్ రెడ్ 537, డార్క్ అడ్మిరాల్టీ గ్రే 632. మీ ఇంజన్ రంగు ఈ నంబర్లలోనే ఉంటుందని కాదు, కానీ "537 కంటే కాస్త ముదురు" అంటే కలిపేవాడికి పట్టుకోవడానికి ఒకటి దొరుకుతుంది. ట్యూబ్‌లైటు కింద ఒప్పుకోకండి, డబ్బా మూతకి రాసిన చుక్కను ఆరనిచ్చి, పగలు పది, మూడు మధ్య ఉత్తరం వైపు నీడలో చూడండి.

అభ్యాసానికి పదిహేను రోజుల దాకా పట్టొచ్చు, తొందరపడకండి. నంబర్ ప్లేటు వెనక క్రీమ్‌ని సబ్బు నీళ్లతో కడిగి, సగానికి అల్యూమినియం రేకు అంటించి, మిగతా సగం ఎండకి వదిలేయండి. రోజూ ఒకే వేళకి, అదే నీడలో, రెండు సగాల పక్కనా షేడ్ కార్డు పెట్టి దగ్గరగా ఉన్న నంబర్ రాసుకోండి. వరసగా మూడు రోజులు ఎండ సగం నంబర్ మారకపోతే అక్కడ ఆపేయండి, ఇంకా ఉంచితే వెలిసిపోవడం మొదలవుతుంది. ఈలోపు ఎరుపు, నీలం, నలుపు ఒక్కోటి మూడు చోట్ల రుద్ది, నూనె వేయకముందు ఒక నంబర్, వేశాక ఒక నంబర్ రాయండి. మొత్తం తొమ్మిది జతలు. అవి చేతిలో ఉంటేనే పాఠం 5 తెరవండి, అందులో పెయింట్ కలిపే లెక్క అంతా ఆ జతల మీదే నడుస్తుంది.