ఏఐ ఏజెంట్ ఆప్షన్ డేటా తప్పుగా చెబుతోందా? సమస్య - పరిష్కారం

ఆప్షన్ అంటే ఒక షేరును ముందే అనుకున్న ధరకు కొనే లేదా అమ్మే హక్కు. ఏజెంట్ దాని ప్రీమియం (ధర) తప్పు చెప్పగానే అందరి చెయ్యీ ప్రాంప్ట్ (మోడల్‌కు రాసే సూచనలు) మీదికే వెళ్తుంది. ముందు లాగ్ తెరవండి. టూల్‌ను (డేటా తెచ్చిపెట్టే ప్రోగ్రామ్‌ను) అసలు పిలిచిందా, ఏ విలువలతో పిలిచింది, తిరిగి ఏమొచ్చింది అన్నవి చూడండి. పిలవకుండానే జవాబు ఇచ్చి ఉంటే ఆ అంకె మోడల్ అల్లినది. పిలిచి ఉంటే అవే విలువలతో టూల్‌ను మీరే ఒకసారి నడపండి. అప్పుడూ తప్పే వస్తే ప్రాంప్ట్‌ను ఎంత దిద్దినా లాభం లేదు. రెండు నిమిషాల ఈ పని మానేసి రోజంతా ప్రాంప్ట్‌తో కుస్తీ పట్టేవాళ్లే ఎక్కువ.

కింద ఉన్నవన్నీ అమెరికా మార్కెట్ ఆప్షన్లకు వర్తించేవి.

టూల్ కనెక్టే కావడం లేదు

ఎంసీపీ సర్వర్‌ను (ఏజెంట్‌కు టూల్స్ అందించే ప్రోగ్రామ్‌ను) అదే కంప్యూటర్‌లో స్టాండర్డ్ ఇన్‌పుట్, అవుట్‌పుట్ ద్వారా నడుపుతుంటే కోడ్‌లో ఎక్కడో ఒక ప్రింట్ లైన్ మిగిలిపోయి ఉంటుంది. ఆ దారిలో జేసన్-ఆర్‌పీసీ (ఎంసీపీ వాడే సందేశ రూపం) సందేశాలు తప్ప ఒక్క అక్షరం కూడా పోకూడదు. లాగ్‌లన్నీ స్టాండర్డ్ ఎర్రర్‌కు మళ్లించండి.

బిడ్, ఆస్క్ సున్నా. ఇంప్లైడ్ వొలటిలిటీ కూడా దాదాపు సున్నా

మార్కెట్ మూసి ఉంది, అంతే. స్టాక్ ఆప్షన్ల ట్రేడింగ్ న్యూయార్క్ టైమ్ ప్రకారం ఉదయం 9:30 నుంచి సాయంత్రం 4:00 దాకా. ఆ తర్వాత కొన్ని ఉచిత సోర్సులు బిడ్ (కొనేవాళ్లు ఇస్తామనే ధర), ఆస్క్ (అమ్మేవాళ్లు అడిగే ధర) రెండింటినీ సున్నా చేసేస్తాయి. వాటి నుంచి లెక్కగట్టిన ఇంప్లైడ్ వొలటిలిటీకి (ఆప్షన్ ధరను బట్టి తీసే ఒడిదుడుకుల అంచనాకు) అర్థం ఉండదు. ప్రతి జవాబులోనూ బిడ్, ఆస్క్ ఏ సమయానివో, మార్కెట్ తెరిచి ఉందో లేదో టూలే చెప్పాలి. చివరి ధరను ఇచ్చేటప్పుడు ఆ ట్రేడ్ ఎప్పుడు జరిగిందో కూడా ఇవ్వండి. ఎవరూ పట్టించుకోని స్ట్రైక్‌లో (ఆప్షన్‌లో ముందే అనుకున్న ధర) చివరి ట్రేడ్ మూడు రోజుల కిందటిది కావచ్చు, ఏజెంట్ మాత్రం దాన్ని ఈ క్షణపు ధరలా చెప్పేస్తుంది. మార్కెట్ నడుస్తున్నప్పుడు బిడ్, ఆస్క్‌ల సగటే నమ్మదగింది. ఓపెన్ ఇంట్రెస్ట్ (ఇంకా ముగియని కాంట్రాక్టుల సంఖ్య) పగలంతా కదలకపోతే కంగారుపడకండి, అది రోజుకు ఒక్కసారే మారుతుంది.

స్పాట్ (షేరు ప్రస్తుత ధర) దగ్గరి స్ట్రైక్‌లు కనబడవు

డేటా పేజీలుగా వస్తోంది, టూల్ మొదటి పేజీతోనే ఆగిపోయింది. స్ట్రైక్‌లు చిన్నదాని నుంచి పెద్దదానికి వరుసగా ఉంటే మొదటి పేజీలో అట్టడుగువే ఉంటాయి. అలాగని చెయిన్ (ఆప్షన్ల పూర్తి జాబితా) మొత్తాన్ని ఏజెంట్ ముందు కుమ్మరించకండి, మధ్యలో తెగిపోతే ఖాళీలను తనే పూరించుకుంటుంది. స్పాట్‌కు అటూ ఇటూ పది శాతం స్ట్రైక్‌లను టూలే వడగట్టాలి. మొత్తం ఎన్ని, ఇచ్చినవి ఎన్ని అన్నది కూడా జవాబులో రాయాలి.

ఎక్స్‌పైరీ (ఆప్షన్ గడువు తేదీ) ఒకరోజు వెనక్కి పోతోంది

అసలు దొంగ ఇదే. లక్షణం రెండు రకాలు. శుక్రవారం మాత్రమే ఎక్స్‌పైరీ ఉండే స్టాక్ అయితే "ఆ తేదీకి కాంట్రాక్టులు లేవు" అని వస్తుంది. అది నయం, తప్పు బయటపడింది. ఎస్‌పీవై (ఎస్ అండ్ పీ 500 సూచీని అనుసరించే ఫండ్) లాంటి వాటికి వారంలో ప్రతి ట్రేడింగ్ రోజూ ఎక్స్‌పైరీయే. అక్కడ తేదీ ఒకరోజు జరిగినా నిక్షేపంగా ఒక చెయిన్ వస్తుంది, ఎర్రర్ ఉండదు, ధరలూ నిజమైనవే. కాకపోతే అవి మీరు అడిగిన ఎక్స్‌పైరీవి కావు.

కారణం ఇదీ. చాలా సోర్సులు ఎక్స్‌పైరీని యూటీసీ (ప్రపంచ ప్రామాణిక సమయం) అర్ధరాత్రికి కట్టిన, 1970 నుంచి లెక్కించే సెకన్ల అంకెగా పంపుతాయి. ఉదాహరణకు 1718928000 అంటే 2024 జూన్ 21, శుక్రవారం, యూటీసీ 00:00. ఆ క్షణంలో న్యూయార్క్‌లో ఇంకా జూన్ 20 రాత్రి 8 గంటలు. అంకెను లోకల్ టైమ్‌లోకి మార్చి తేదీ తీస్తే గురువారం వస్తుంది. సర్వర్ యూటీసీలో ఉన్నంతకాలం అంతా సవ్యంగానే ఉంటుంది. "మార్కెట్ టైమ్ పెడదాం" అని ఎవరో మంచి ఉద్దేశంతో న్యూయార్క్‌కు మార్చిన రోజునే చెడుతుంది. యూటీసీకి ముందు నడిచే చోట్ల ఇదే తప్పు తిరగబడి వస్తుంది: జావాస్క్రిప్ట్‌లో లోకల్ అర్ధరాత్రికి తేదీ కట్టి, యూటీసీలో రాసే ఐఎస్ఓ రూపంలోకి మారిస్తే ముందురోజు పడుతుంది.

కాంట్రాక్ట్ సింబల్‌తో పోల్చి చూస్తే దొరికిపోతుంది. ఓసీసీ (అమెరికా ఆప్షన్ల క్లియరింగ్ సంస్థ) పద్ధతిలో సింబల్‌కు 21 స్థానాలు: మొదటి ఆరు స్టాక్ కోడ్‌కి (తక్కువైతే ఖాళీలు), తర్వాతి ఆరు తేదీకి, కాల్ (కొనే హక్కు) లేదా పుట్‌కు (అమ్మే హక్కు) ఒకటి, స్ట్రైక్‌కు ఎనిమిది. కొన్ని సోర్సులు ఖాళీలు తీసేస్తాయి కాబట్టి కుడివైపు నుంచి లెక్కపెట్టండి. తేదీ స్థానంలో 240621 ఉండి, టూల్ 2024-06-20 అంటోందంటే రోగం ఇదే.

తేదీని తేదీగానే ఉంచితే ఈ బాధ ఉండదు. సెకన్ల అంకెను యూటీసీలోనే చదివి, వెంటనే సంవత్సరం-నెల-రోజు అక్షరాలుగా మార్చేయండి, ఆ తర్వాత ఎక్కడా గడియారం తగలనివ్వకండి. సింబల్‌లోని తేదీతో సరిపోలకపోతే టూల్ ఎర్రర్ ఇవ్వాలి. అడిగిన ఎక్స్‌పైరీ లేకపోతే "దగ్గర్లో ఉన్నది" ఎంచుకునే సౌకర్యం ఉంటే తీసేయండి, తప్పును కప్పిపెట్టడానికి తప్ప అది దేనికీ పనికిరాదు. ఎక్స్‌పైరీల జాబితాను వేరే టూల్‌గా ఇచ్చి, అందులోని తేదీనే పంపమని వివరణలో రాయండి. "శుక్రవారం కాకపోతే తప్పు" అనే అడ్డదారి మాత్రం వద్దు: 2025 ఏప్రిల్ 18 గుడ్ ఫ్రైడే కావడంతో ఆ నెలవారీ ఎక్స్‌పైరీ గురువారం, 17నే పడింది.

మిగతావి

స్ట్రైక్ వెయ్యి రెట్లు కనిపిస్తే, సింబల్‌లోని 00190000ను వెయ్యితో భాగించలేదు, అది 190. ఖర్చు వందో వంతే చూపిస్తే, ఒక షేరుకు చెప్పే ప్రీమియంను 100తో (మామూలుగా ఒక కాంట్రాక్ట్‌లో ఉండే షేర్లు) గుణించలేదు. 429 ఎర్రర్ (మరీ ఎక్కువసార్లు అడిగారని సర్వర్ చెప్పేది) వస్తే కాసేపు ఆగి అడగండి, ఎక్స్‌పైరీల జాబితాను దాచుకుని వాడండి. స్టాక్ కోడ్ చివర అంకె తగిలిన సర్దుబాటు కాంట్రాక్టులు (షేర్ల విభజన, విలీనం లాంటివాటి తర్వాత మార్చినవి) అరుదు. వాటిలో ఒక్కో కాంట్రాక్ట్‌కు 100 షేర్లే ఉంటాయన్న నమ్మకం లేదు కాబట్టి వడగట్టి పక్కన పెట్టేయండి.