పడినా, రాగానే, ఉంటే: ఇంగ్లిష్ ఉత్తరంలో వీటిని ఎలా రాయాలి?

కాలేజీకో బ్యాంకుకో ఇంగ్లిష్‌లో ఉత్తరం రాయడానికి కూర్చున్నప్పుడు విడివిడి వాక్యాలు బాగానే వస్తాయి. రెండు విషయాలను కలపాల్సిన చోటే పెన్ను ఆగుతుంది. చేసేది లేక ప్రతిచోటా ఒక 'బట్' వేసేస్తాం, లేదంటే 'సో'. దీనికి కారణం మన భాషలోనే ఉంది. తెలుగులో వాక్యాలను కలిపే పని క్రియ చివర జరుగుతుంది. 'వాన పడినా వెళ్లాను' అన్నప్పుడు బరువంతా ఆ 'నా' మీదే. ఇంగ్లిష్‌లో అదే పని చేసే మాట ముందుకొచ్చి నిలబడుతుంది: 'ఆల్దో ఇట్ రెయిన్డ్, ఐ వెంట్.' మనం నేర్చుకోవాల్సింది తోకలో ఉన్నదాన్ని తలకు మార్చడం.

మొదట, తోకను పట్టుకోండి

రాయాలనుకున్న వాక్యాన్ని ముందు తెలుగులో అనుకోండి. క్రియ చివర ఏముందో చూడండి. 'నా', 'అప్పటికీ' ఉంటే ఆల్దో. 'గానే' ఉంటే యాజ్ సూన్ యాజ్. 'వచ్చాక' లాంటిదైతే ఆఫ్టర్ లేదా వన్స్. 'వచ్చేవరకు' అయితే అంటిల్.

'తే' దగ్గర మాత్రం కాస్త ఆగాలి. 'అక్క హైదరాబాద్‌లో ఉంటే తమ్ముడు ఊళ్లో ఉన్నాడు' అనే మాటలో షరతేమీ లేదు, ఇద్దరినీ పక్కపక్కన పెట్టి చూపిస్తున్నాం, అంతే. ఇక్కడ 'ఇఫ్' రాస్తే అర్థమే మారిపోతుంది. రాయాల్సింది వేర్‌యాజ్: 'మై సిస్టర్ లివ్స్ ఇన్ హైదరాబాద్, వేర్‌యాజ్ మై బ్రదర్ లివ్స్ ఇన్ అవర్ విలేజ్.' ఈ చోట 'వైల్' కూడా నప్పుతుంది కానీ, దానికి 'అదే సమయంలో' అనే అర్థమూ ఉంది. చదివేవాళ్లు తికమకపడతారనిపిస్తే వేర్‌యాజే మేలు.

ఆల్దో వేశాక బట్ వద్దు

మాట్లాడేటప్పుడు మనం 'ఎంత చదివినా గానీ గుర్తుండట్లేదు' అంటాం. 'నా' ఉండగానే 'గానీ' కూడా వచ్చేస్తుంది. ఆ అలవాటే ఇంగ్లిష్‌లోకి వచ్చి 'ఆల్దో హీ స్టడీడ్ హార్డ్, బట్ హీ ఫెయిల్డ్' అవుతుంది. రెండింటిలో ఒకటి తీసేయండి. ఉత్తరంలో అయితే ఆల్దోను ఉంచండి.

ఆల్దో తర్వాత కర్త, క్రియ ఉన్న పూర్తి వాక్యం రావాలి. డిస్పైట్ తర్వాత నామవాచకం చాలు: 'డిస్పైట్ ద రెయిన్.' దాని వెనక 'ఆఫ్' రాదు, 'ఇన్ స్పైట్' వెనక మాత్రం తప్పకుండా వస్తుంది. నాట్‌విత్‌స్టాండింగ్ అనేది చట్టాల భాష. ఆంధ్రప్రదేశ్, తెలంగాణలకు వర్తించే రాజ్యాంగం 371డి అధికరణం 10వ క్లాజులో అది కనిపిస్తుంది. వేరే నిబంధనల్లో ఏమున్నప్పటికీ ఇదే చెల్లుతుందని చెప్పడానికి అక్కడ దాన్ని వాడారు. అంత బరువైన మాట సెలవు చీటీలో అక్కర్లేదు.

కాలం దగ్గర విల్ వద్దు

'వెన్ ఐ విల్ గెట్ ద సర్టిఫికెట్, ఐ విల్ సబ్మిట్ ఇట్' అనేది చాలామంది రాసే తప్పు. జరగబోయేది కాబట్టి రెండు చోట్లా 'విల్' ఉండాలనిపిస్తుంది. ఇక్కడ తెలుగే దారి చూపిస్తుంది. మనం 'వచ్చాక ఇస్తాను' అంటాం, 'వస్తాక ఇస్తాను' అనం. భవిష్యత్తును చెప్పే పని 'ఇస్తాను' ఒక్కటే చూసుకుంటుంది. ఇంగ్లిష్‌లోనూ అంతే: 'ఐ విల్ సబ్మిట్ ఇట్ వన్స్ ఐ రిసీవ్ ఇట్.'

అంటిల్ విషయంలో మాత్రం తెలుగును అనుసరిస్తే దెబ్బతింటాం. 'ఫీజు కట్టనంతవరకు సర్టిఫికెట్ ఇవ్వరు' అంటాం కాబట్టి, ఆ 'కట్టని'లోని కాదనే అర్థాన్ని ఇంగ్లిష్‌లోకి లాక్కొస్తాం. అంటిల్‌కు అది అవసరం లేదు: 'ద సర్టిఫికెట్ విల్ నాట్ బి ఇష్యూడ్ అంటిల్ ద ఫీ ఈజ్ పెయిడ్.' 'నాట్' ఒక్కసారే, అదీ మొదటి భాగంలో.

నో సూనర్‌ను పరీక్షల కోసం బట్టీ పట్టినవాళ్లకు దాని జంట దాన్ అని తెలుసు: 'నో సూనర్ హ్యాడ్ ద బెల్ రంగ్ దాన్ ద స్టూడెంట్స్ లెఫ్ట్.' హార్డ్‌లీకీ స్కేర్స్‌లీకీ జంట వెన్. ఈ మూడింటిలో ఏది వాక్యం మొదట వచ్చినా 'హ్యాడ్' కర్తకన్నా ముందుకు జరుగుతుంది. తెలిసి ఉండటం మంచిదే కానీ, ఉత్తరానికి యాజ్ సూన్ యాజ్ చాలు.

హౌఎవర్ ముందు కామా చాలదు

హౌఎవర్ బట్‌లా రెండు వాక్యాలను అతికించలేదు. దాని ముందు ఫుల్‌స్టాప్ గానీ సెమీకోలన్ గానీ పెట్టండి, తర్వాత కామా పెట్టండి. నెవర్‌ద్‌లెస్‌కీ ఇదే పద్ధతి.

ఇప్పుడు ఒక విద్యార్థి స్కాలర్‌షిప్ కోసం రాసిన ఉత్తరం చూద్దాం. మొదట ఇలా ఉంది: 'ఐ అప్లైడ్ ఇన్ జూన్ బట్ నో రిప్లై కేమ్ అండ్ వెన్ ఐ విల్ గెట్ ఇన్‌కమ్ సర్టిఫికెట్ ఐ విల్ సబ్మిట్.' తెలుగులో అతని మనసులో ఉన్నది ఇది: జూన్‌లో దరఖాస్తు చేసినా జవాబు రాలేదు, ఇన్‌కమ్ సర్టిఫికెట్ రాగానే ఇస్తాను. తోకలు రెండు, 'నా', 'గానే'. వాటిని తలకు మారిస్తే ఉత్తరం ఇలా అవుతుంది: 'ఆల్దో ఐ అప్లైడ్ ఇన్ జూన్, ఐ హావ్ నాట్ రిసీవ్డ్ ఎ రిప్లై. ఐ విల్ సబ్మిట్ మై ఇన్‌కమ్ సర్టిఫికెట్ యాజ్ సూన్ యాజ్ ఐ రిసీవ్ ఇట్.'