నెట్ కనెక్షన్ పెట్టించుకునే ముందు, తీగ లాగేవాడి మాట వినండి

కాజీపేట, ఫాతిమానగర్, సోమిడి గల్లీల్లో పదకొండేండ్లుగా నెట్ కేబుల్ లాగుతున్న. స్తంభం మీంచి తీగ దింపి, గోడకు వైఫై బాక్స్ (రౌటర్) బిగించి, పచ్చ లైటు వెలగంగనే బండెక్కుడే నా పని. ఆ తొందరలో మీకు చెప్పనివి కొన్ని ఉన్నయ్. ఇక్కడ చెప్తున్న.

ముందు ఆధార్ సంగతి. నేను ఇదివరకు చేసిన ఆఫీసులో, కొత్త కనెక్షన్ అంటే కస్టమర్ ఆధార్ ఫొటో తీసి స్టాఫ్ వాట్సాప్ గ్రూపులో పెట్టాలి. పని మానేసి పోయినోళ్లు కూడా ఆ గ్రూపులోనే ఉండేది. ఒకరోజు ఫోను నిండిందని గ్యాలరీ తెరిస్తే, నా బిడ్డ పుట్టినరోజు ఫొటోల నడుమ ఎవరెవరివో ఆధార్ కార్డులు. ఎండన పడి వచ్చిన అని నాకు సల్ల పోసిన సోమిడి పెద్దమ్మ కార్డు కూడా ఉంది. ఆ రాత్రి కూర్చుని ఒక్కొక్కటీ తీసేసిన. మిగతావాళ్ల ఫోన్లల్ల ఉన్నవి నా చేతిలో లేవు.

అందుకే మాస్క్‌డ్ ఆధార్ ఇవ్వండి. మైఆధార్ వెబ్‌సైట్‌లోనే దొరుకుతుంది. మొదటి ఎనిమిది అంకెలు మూసి, చివరి నాలుగే కనబడతయ్. జిరాక్స్ ఇస్తే దాని మీద అడ్డంగా "నెట్ కనెక్షన్ కోసం మాత్రమే" అని రాసి తేదీ వేసి, సంతకం చెయ్యండి. మా సొంత ఫోన్లో ఫొటో తియ్యబోతే వద్దనండి. మేమేం అనుకోం.

తర్వాత బాక్స్. దాని అడుగున స్టిక్కరు ఉంటది. అందులోని అడ్రసు, ఎక్కువగా 192.168.1.1, బ్రౌజర్‌లో కొడితే లాగిన్ పేజీ వస్తది. చాలా బాక్సులకు యూజర్‌నేమ్, పాస్‌వర్డ్ రెండూ "అడ్మిన్" అనే ఉంటయ్. ముందు ఆ పాస్‌వర్డ్ మార్చండి. వైఫై పాస్‌వర్డ్‌గా ఇంటి యజమాని ఫోన్ నంబరు పెట్టకండి. గల్లీ పొడుగునా సగం ఇండ్లకు అదే. డబ్ల్యూపీఎస్ అని, అంటే పాస్‌వర్డ్ కొట్టకుండనే బటన్‌తోనో పిన్‌తోనో వైఫై కలిపేది, కనబడితే ఆపేయండి. వ్యాన్ (WAN) అనే పేజీని, అంటే మా కంపెనీ లైనుతో బాక్సును కలిపే సెట్టింగులను, మాత్రం ముట్టుకోకండి, నెట్ పోతది.

మేం ఏం చూడగలం అని చాలామంది అడుగుతరు. హన్మకొండ చౌరస్తాలో ఎక్కి కాజీపేటలో దిగితే, కండక్టరుకు మీరు ఎక్కడ దిగిందీ తెలుస్తది, సంచిలో ఏముందో తెలియదు. అడ్రసు https తో మొదలయ్యే, అంటే డేటాకు తాళం వేసి పంపే సైట్లల్ల మా పరిస్థితి అదే. ఏ సైటుకు, ఎప్పుడు, ఎంత డేటా అన్నది కంపెనీకి కనబడుతది. మీరు చదివిందీ, టైపు చేసిందీ కనబడదు. బ్రౌజర్‌లో ఇన్‌కాగ్నిటో పెట్టినా ఇందులో ఏం మారదు, అది మీ ఫోన్లో హిస్టరీ మిగలకుండా చేస్తది, అంతే. ఇక ఇంటర్నెట్ వాడకం రికార్డులు కంపెనీలు కనీసం రెండేండ్లు ఉంచాలని 2021 డిసెంబరులో కేంద్రం లైసెన్సు నిబంధన మార్చింది. దాన్ని మీరూ నేనూ తప్పించలేం.

మాకు కనబడేది తగ్గించుకునే దారి ఒకటుంది. ఆండ్రాయిడ్ 9, ఆ పైన ఫోన్లల్ల నెట్‌వర్క్ సెట్టింగ్‌లో ప్రైవేట్ డీఎన్ఎస్ ఉంటది, డీఎన్ఎస్ అంటే సైటు పేరు చెప్తే దాని అడ్రసు వెతికిచ్చేది. అందులో ఇంగ్లిష్ అక్షరాల్లో "వన్" అని నాలుగుసార్లు, మధ్యల చుక్కలతో రాసి సేవ్ చేయండి. ఫోన్ అడిగే సైట్ల పేర్లు మా సర్వర్‌కు కాకుండా క్లౌడ్‌ఫ్లేర్ అనే కంపెనీకి తాళం వేసుకుని పోతయ్. అయినా పూర్తిగా మాయం కావు. సైటు తెరిచేటప్పుడు దాని పేరు చాలాసార్లు తీగ మీద కనబడుతనే ఉంటది.

వీపీఎన్, అంటే మీ నెట్‌ను తాళం వేసి ఇంకో కంపెనీ సర్వర్ మీదుగా పంపేది, పెడితే మేం చూసేది ఆ కంపెనీ చూస్తది. మన దేశంలో కస్టమర్ల వివరాలు వీపీఎన్ కంపెనీలు ఐదేండ్లు ఉంచాలని 2022లో కేంద్రం సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్ ఆదేశం ఇచ్చింది. ఉచిత వీపీఎన్ అయితే నేను మా ఇంట్లో పెట్టను.

చివరిగా, రిపేరుకు వచ్చి మేం బాక్స్ రీసెట్ చేస్తే మీరు మార్చినవన్నీ పోయి స్టిక్కరు మీదివే తిరిగొస్తయ్. మేం మెట్లు దిగకముందే మళ్లీ పెట్టుకోండి. పక్కన నిలబడమంటే నిలబడతం.