షెడ్డు మూగబోయిందా? పట్టుపురుగుల్లో ఆక్సిడేటివ్ స్ట్రెస్ - లక్షణం, కారణం, పరిష్కారం

నాలుగో జ్వరం (పురుగు తిండి మాని పాత చర్మం విడిచే సమయాన్ని జ్వరం అంటాం) లేచిన పురుగులు ఆకు మీద పడ్డాయంటే షెడ్డంతా చిరుజల్లు కురుస్తున్నట్టు ఉంటుంది. కళ్లు మూసుకుని వింటే చాలు, పంట ఎలా ఉందో తెలిసిపోతుంది. ఆ చప్పుడు తగ్గితే ఏదో తేడా వచ్చిందని అర్థం. కంటికి ఏ మచ్చా కనపడకముందే చెవికి తెలిసే మొదటి లక్షణం అది.

ఆ తేడాల్లో చాలావాటి వెనక ఆక్సిడేటివ్ స్ట్రెస్ ఉంటుంది. మాట పెద్దదైనా సంగతి చిన్నదే. గుడ్డు పగిలి బయటికి వచ్చినప్పుడు పురుగు బరువు అర మిల్లీగ్రాము కూడా ఉండదు. పాతిక రోజులు దాటేసరికి నాలుగైదు గ్రాములు తూగుతుంది, అంటే దాదాపు పది వేల రెట్లు. అంత పెరగాలంటే ఒంట్లో ఆహారం, ఆక్సిజన్ ఎడతెగకుండా మండాలి. పొయ్యి మండితే నిప్పురవ్వలు రాలినట్టే ఇక్కడా కొన్ని రాలతాయి. వాటినే ఫ్రీ రాడికల్స్ అంటున్నాం. ఇవి కణాల పొరల్లోని కొవ్వును, ప్రొటీన్లను, డీఎన్ఏను కాలుస్తాయి.

వాటిని ఆర్పే ఏర్పాటు పురుగు ఒంట్లోనే ఉంది. సూపర్ ఆక్సైడ్ డిస్మ్యూటేజ్ అనే ఎంజైమ్ ఒక రకం రవ్వను పట్టి హైడ్రోజన్ పెరాక్సైడ్‌గా మారుస్తుంది. కెటలేజ్ దాన్ని నీళ్లుగా, ఆక్సిజన్‌గా విరగ్గొడుతుంది. దెబ్బ మీద హైడ్రోజన్ పెరాక్సైడ్ పోస్తే బుసబుసా నురగ వస్తుంది కదా, అది మన రక్తంలోని కెటలేజ్ చేసే పనే. వీటికి తోడు గ్లూటాథయోన్ ఉంది, విటమిన్ సి ఉంది. ఆ విటమిన్ సి పురుగుకు తాజా మల్బరీ ఆకు నుంచే అందాలి. పురుగు చర్మం తెల్లగా, చూపు లోపలికి పోకుండా కనిపించేది అందులో పేరుకున్న యూరిక్ యాసిడ్ వల్ల. అది కూడా ఒక యాంటీఆక్సిడెంటే, అంటే రవ్వలను ఆర్పే పదార్థమే. యూరిక్ యాసిడ్ సరిగా నిలవని రకాల పురుగులు నూనె రాసిన కాగితంలా ఉంటాయి, లోపలి పేగు బయటికి కనిపిస్తుంది.

రవ్వలు ఎక్కువై, ఆర్పే చేతులు చాలనప్పుడే ఇబ్బంది మొదలవుతుంది. ఒక్క సంగతి మాత్రం గట్టిగా చెప్పాలి: ఇది రోగం పేరు కాదు. ఎండ, వాడిపోయిన ఆకు, పురుగుమందు, పొగ, వీటిలో ఏది తగిలినా లోపల జరిగేది ఇదే. అందుకే దీనికి మందు వెతకడం కన్నా, ఏది తగిలిందో వెతకడం ముఖ్యం.

ముందు ఒక చుక్క పరీక్ష

అనుమానం వచ్చిన పురుగునొకదాన్ని పక్కకు తీసి, పొట్ట కింది కాలును సూదితో గిల్లండి. వచ్చిన చుక్కను గాజు ముక్క మీద పట్టండి. తేటగా, కొంచెం పసుపుపచ్చగా ఉంటే సరే. పాలలా తెల్లగా, చిక్కగా ఉంటే అది గ్రాసరీ, వైరస్ రోగం. అలాంటి పురుగులను చిమటాతో ఏరి, సున్నం, బ్లీచింగ్ పౌడర్ కలిపిన నీళ్లలో వేయాలి. చేతులు కడుక్కోవాలి. పడకల మీద సిఫారసు చేసిన క్రిమిసంహారక పొడి చల్లాలి. గ్రాసరీ బయటపడటానికి ఎండ దెబ్బ దారి చేసి ఉండవచ్చు. అయినా వైరస్ అంటుకున్న పురుగు చల్లగాలితో బాగుపడదు.

తేట చుక్కను అలాగే వదిలి చూడండి. కాసేపట్లో గోధుమరంగుకు తిరిగి నల్లబడుతుంది. భయపడొద్దు, అది రోగం కాదు. కోసిన వంకాయను నీళ్లలో వేయకపోతే నల్లబడేది కూడా ఇలాంటి మార్పు వల్లే. గాయాన్ని మూసుకోవడానికి, లోపలికి వచ్చిన క్రిములను బంధించడానికి పురుగు ఇదే వాడుకుంటుంది. రక్షణ కోసం పుట్టించిన ఈ మంట అదుపు తప్పితే సొంత ఒంటికే తగులుతుంది. యాంటీఆక్సిడెంట్లు ఎందుకు కావాలో ఆ నల్లబడిన చుక్కను చూస్తే తెలుస్తుంది.

మధ్యాహ్నం తినడం మానేసి తల ఎత్తి ఉన్నాయి, కొన్ని కక్కుతున్నాయి, ఒళ్లు మెత్తబడింది

హిందూపురం, కదిరి, ధర్మవరం వైపు ఎండాకాలం బ్యాచ్‌లలో నేను ఎక్కువగా చూసింది ఇదే. ఐదో దశ (నాలుగో జ్వరం లేచాక గూడు కట్టే దాకా ఉండే ఆఖరి దశ) పురుగుకు 24-25 డిగ్రీల వేడి, 65-70 శాతం తేమ సరిపోతాయి. రేకుల షెడ్డులో మే నెల మధ్యాహ్నం ఎంత ఉంటుందో చెప్పక్కర్లేదు. పురుగుకు సొంతంగా ఒంటి వేడిని అదుపు చేసుకునే శక్తి లేదు. షెడ్డు ఎంత వేడెక్కితే అదీ అంతే వేడెక్కుతుంది. అప్పుడు రవ్వలు ఎక్కువ రాలతాయి, ఆర్పే ఎంజైములు వెనకబడతాయి. పేగు పొర దెబ్బతింటుంది. ఆ సందులో బ్యాక్టీరియా చేరితే ఫ్లాచరీగా, అంటే పురుగు మెత్తబడి కుళ్లే రోగంగా మారుతుంది. పచ్చ గూడు కట్టే మైసూరు స్థానిక జాతి ఈ వేడిని కొంత ఓర్చుకుంటుంది. తెల్ల గూళ్ల బైవోల్టిన్ (ఏడాదికి రెండు తరాల జాతుల) హైబ్రిడ్‌లు అంత ఓర్చుకోలేవు.

చాలామంది వేడి ఒక్కటే చూసి ఆగిపోతారు. ఆకు వైపు కూడా చూడండి. పొద్దున పది దాటాక కోసిన కొమ్మలు, ట్రాక్టర్‌లో గంటసేపు ఎండలో వచ్చి, షెడ్డు మూల గుట్టగా పడి ఉంటాయి. ఆ గుట్ట మధ్యలోకి చెయ్యి పెట్టి చూడండి. వెచ్చగా తగులుతుంది. కోసిన ఆకు కూడా ఊపిరి తీసుకుంటూనే ఉంటుంది, గుట్టలో ఆ వేడి బయటికి పోదు. నీరు పోతుంది, విటమిన్ సి తగ్గిపోతుంది. ఎండకు అల్లాడుతున్న పురుగుకు మంట ఆర్పే సరుకు లేని మేత వేసినట్టవుతుంది.

చేయాల్సింది: ఆకు తెల్లవారుజామున గానీ, పొద్దు వాలాక గానీ కోయండి. తడిపిన గోనెపట్టాలు కప్పి, గాలి ఆడే చల్లని గదిలో కొమ్మలను నిలబెట్టి ఉంచండి, గుట్ట వేయకండి. పగటి మేత తగ్గించి, సాయంత్రం, రాత్రి మేతలు పెంచండి. షెడ్డు పైన కొబ్బరాకు పరచి తడపండి, కిటికీలకు తడి గోనెలు కట్టండి. కానీ తలుపులు బిగించి తడపడం వద్దు. తేమ పెరిగి, గాలి ఆడక, పడకల్లోని రెట్టల నుంచి అమ్మోనియా వాసన లేస్తే ఇంకో స్ట్రెస్‌ను మనమే తెచ్చిపెట్టినట్టు. వానాకాలంలో అసలు తడపకూడదు, సున్నం పొడి, గాలి సరిపోతాయి. పురుగులు ఒకదాని మీద ఒకటి పడి ఉంటే పడకలు పలచన చేయండి. ఇది ఖర్చు లేని పని, అయినా అందరూ వాయిదా వేసేది ఇదే.

నిన్నటి దాకా బాగున్నాయి, మేత వేసిన కొన్ని గంటల్లోనే మెలికలు తిరిగి, పచ్చగా కక్కి, ఒళ్లు కురచైపోయాయి

ఇది పురుగుమందు దెబ్బ. వేరే అనుమానం పెట్టుకోకండి. మదనపల్లె, పలమనేరు చుట్టూ టమాటా చేల పక్కనే మల్బరీ తోటలున్నాయి. పక్క చేలో కొట్టిన పురుగుమందు గాలికి మన ఆకు మీదికి వస్తుంది. ఆర్గానోఫాస్ఫేట్ మందులు నరాలను పట్టడమే కాదు, పేగులో, పట్టు గ్రంథిలో ఫ్రీ రాడికల్స్‌ను పెంచుతాయి. మోతాదు తక్కువైతే పురుగు చావదు, బతికి తిండి తగ్గిస్తుంది, చివరికి పలచని గూడు కడుతుంది. మార్కెట్లో ధర చూశాక గానీ నష్టం తెలియదు.

ఒక ఏడాది నాకు ఆఖరి మూడు రోజులకు ఆకు చాలలేదు. బయట తోటలో కొన్నాను. మందు కొట్టారా అని అడిగితే లేదన్నారు. నమ్మి రాత్రి మేత వేశాను. తెల్లారేసరికి షెడ్డులో చప్పుడు లేదు. అప్పటి నుంచి ఒక నియమం పెట్టుకున్నాను. కొత్త తోట ఆకు ఏదైనా ముందు ఒక తట్టలో ఓ యాభై పురుగులకు వేసి ఒక రోజంతా చూస్తాను. అవి హాయిగా తిని, రెట్టలు గట్టిగా వేస్తేనే మిగతా వాటికి వేస్తాను.

దెబ్బ తగిలాక చేయగలిగింది తక్కువే. ఆ ఆకు మొత్తం తీసేయండి, తలుపులు తెరవండి, పురుగులను శుభ్రమైన పడక మీదికి మార్చండి. తేరుకున్న వాటికి మంచి ఆకు కొద్దికొద్దిగా ఇవ్వండి. పక్క రైతుతో ముందే మాట్లాడుకుని, మందు కొట్టే రోజు తెలుసుకోవడం అన్నిటికన్నా మేలు. సొంత తోటకు కొట్టాల్సి వస్తే, ఆ మందుకు చెప్పిన గడువు పూర్తయ్యే దాకా ఆకు కోయకండి. పాతకాలంలో తోటల్లో వాడిన డైక్లోర్వాస్‌ను 2020 డిసెంబరు 31 నుంచి మన దేశంలో నిషేధించారు. పాత డబ్బాలు ఇంట్లో ఉంటే వాడొద్దు.

కణుపు కణుపుకీ నల్లటి ఉంగరాల్లా చారలు, ముట్టుకుంటే చర్మం చిట్లుతోంది

ఇటుక బట్టీ ఎంత దూరంలో ఉందో చూడండి. బట్టీ పొగలో ఫ్లోరైడ్ ఉంటుంది, ఆకు దాన్ని పట్టి దాచుకుంటుంది. 1980లలో చైనాలోని పట్టు జిల్లాలు దీనివల్ల బాగా నష్టపోయాయి. బట్టీ వైపు సాళ్ల ఆకు వాడకండి. తప్పకపోతే కడిగి, ఆరబెట్టి వేయండి. చలికాలంలో మూసిన షెడ్డులో బొగ్గుల కుంపటి పెట్టడం కూడా పొగ పెట్టడమే.

మూడో జ్వరం తర్వాత పెద్దవి, చిన్నవి కలిసిపోయాయి

జ్వరంలో ఉన్నప్పుడు పురుగు తినదు. పాత చర్మం వదిలి కొత్తది గట్టిపడే ఆ సమయం ఒంటికి భారమైనది. కొన్ని లేవగానే మేత వేసేస్తే అవి ముందుకు పోతాయి, మిగతావి వెనకబడి ఆకు కింద నలుగుతాయి. నూటికి 95 లేచాకే మేత వేయండి. అప్పటిదాకా పడక పొడిగా ఉంచండి, సున్నం చల్లండి. ముదురాకు వేసినా ఈ తేడా వస్తుంది. చాకీ దశలో (గుడ్డు పగిలాక మొదటి రెండు దశల్లో) నీరు నిండిన లేతాకే వేయాలి. చాకీ కేంద్రం నుంచి పురుగులను పొద్దున్నే గానీ, సాయంత్రం గానీ తెచ్చుకోండి. ఎండలో బండి మీద తెచ్చిన పురుగు ఆ దెబ్బను గూటి దాకా మోస్తుంది.

పురుగు బాగానే తింది, కానీ గూడు కట్టదు

ఐదో దశ ఎక్కువ రోజులు సాగి, పురుగు పండకుండా (గూడు కట్టే స్థితికి రాకుండా) ఉంటే, ఇది ఆక్సిడేటివ్ స్ట్రెస్ అనుకోవద్దు. పైరిప్రాక్సిఫెన్ లాంటి, జువనైల్ హార్మోన్‌లా (పురుగును పురుగు దశలోనే ఆపి ఉంచే హార్మోన్‌లా) పనిచేసే మందు ఆకు మీద అతి కొద్దిగా పడినా ఇలా అవుతుంది. చంద్రికల (గూడు కట్టడానికి పురుగులను వదిలే తట్టల) మీదికి ఎక్కాక కట్టకపోతే మాత్రం వేడి, తేమ, కిక్కిరిసిన చంద్రికలు చూడండి. గూడు కట్టేటప్పుడు తేమ 60-65 శాతానికి తగ్గాలి, గాలి ధారాళంగా ఆడాలి.

మరి సీసాలో అమ్మే విటమిన్ సి?

ఆకు మీద విటమిన్ సి చల్లితే మేలని అమ్మేవాళ్లు ఉన్నారు. నేను కొనమని చెప్పను. తాజా ఆకులో అది ఉంది. మోతాదు మించితే, ఇనుము ఉన్న చోట విటమిన్ సి తిరగబడి రవ్వలను పెంచగలదు. తడి ఆకు వేస్తే పడక కుళ్లే భయం కూడా ఉంది. ఆ డబ్బుతో వేడి, తేమ రెండూ తెలిపే ఒక తడి-పొడి బల్బు థర్మామీటర్ కొని షెడ్డు మధ్యలో, పడకల ఎత్తున వేలాడదీయండి. రోజుకు మూడుసార్లు చూసి గోడ మీద రాయండి. లక్షణాలు పైవాటిలో దేనికీ సరిపోకపోతే, బతికున్న పురుగులు పాతిక, వాటి ఆకు కొంచెం, ఆ గోడ మీది లెక్కలు పట్టుకుని దగ్గరి పట్టు శాఖ టెక్నికల్ సర్వీస్ సెంటర్‌కు గానీ, హిందూపురం దగ్గర కిరికెరలోని పట్టు పరిశోధన సంస్థకు గానీ వెళ్లండి. చచ్చి నల్లబడిన పురుగులు తీసుకెళ్తే వాళ్లు కూడా ఏమీ చెప్పలేరు.